కారణం తెలియని నవ్వులు

నలుగురూ నవ్వుతుంటే నేను వెంటనే నవ్వలేను. ముందు కారణం వెతుక్కుంటాను, దొరికాక నవ్వుతాను. ఆ సరికి మిగతావాళ్ళు ఇంకో కబురులోకి వెళ్ళిపోయి ఉంటారు. మా ఆవిడ నన్ను ట్యూబ్‌లైట్ అంటుంది. మా అమ్మాయి ఇంకా మర్యాదస్థురాలు కాబట్టి "నాన్నకి బఫరింగ్ అవుతోంది" అంటుంది. ఈ జబ్బు నాకు అంటించినావిడ పోయిన నెలలో పోయారు.

కబురు వచ్చినప్పుడు నేను కారుకి టైర్లు మార్పించుకుంటూ షాపులో కూర్చుని ఉన్నాను. గోడ మీది టీవీలో ఏదో పాత కాలం కుటుంబ కామెడీ వస్తోంది. మధ్యలో సోఫా, సోఫా వెనక మెట్లు, మెట్లు దిగుతూ తండ్రి. ఆయన ఒక కాలికి నల్ల సాక్సు, ఒక కాలికి తెల్ల సాక్సు వేసుకున్నాడు. తెర మీద కనిపించని జనం ఘొల్లున నవ్వారు. నా చెయ్యి దానంతటదే పెన్సిల్ కోసం జేబు తడుముకుంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో స్వాతి మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, అమ్మ ఈజ్ గాన్. ఈ మార్నింగ్, నిద్రలో."

స్వాతి నాకు చెల్లెలు కాదు, వాళ్ళమ్మ నాకు చుట్టమూ కాదు. మాకు ఆవిడ ఆంటీ, అంతే. నా చిన్నప్పుడు న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లలో ఆంటీలు పదిహేనుమందికి తక్కువ ఉండేవారు కాదు. డాక్టరాంటీ, చీరలాంటీ, మూడో అంతస్తాంటీ అని గుర్తులు పెట్టుకునేవాళ్ళం. ఏ గుర్తూ లేకుండా ఉత్త ఆంటీ అంటే మాత్రం ఆవిడే.

ఆంటీ సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. ఇంటికొచ్చాక కూడా తెల్లకోటు వెంటనే విప్పేవారు కాదు. ఆ కోటు జేబులో చుక్కల అట్టవేసిన నోట్‌బుక్ ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి ఎప్పుడూ ఉండేవి. పెన్సిల్‌కి దారమెందుకు ఆంటీ అంటే, "పెన్సిల్ కోసం వెతికేలోపు నవ్వు ఆరిపోతుందిరా" అనేవారు. ఆ నోట్‌బుక్‌లో ఆవిడ రాసుకునేది నవ్వులు.

అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో మొదలైందట ఆ రాత. ల్యాబ్‌లో ఒకావిడ చేతుల్లో మొహం దాచుకుని కూర్చుంది, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందనుకుని ఆంటీ కూడా మర్యాదకి గట్టిగా నవ్వారట. ఆవిడ ఏడుస్తోంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదని, ఈ దేశంలో ఎప్పుడు ఎందుకు నవ్వుతారో తెలుసుకుని తీరాలని అనుకున్నానని మాకు చాలాసార్లు చెప్పారు. సాయంత్రం ఏడింటికి టీవీలో ఓ కుటుంబం కథ వచ్చేది. తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు, ఓ పక్కింటి కుర్రాడు. జనం నవ్విన ప్రతిసారీ ఆంటీ ఒక నంబరు వేసి, ఎవరు ఏం చేశారో రాసి, కింద కారణం రాసేవారు. ల్యాబ్‌లో సీసాలకి చీటీలు అంటించే అలవాటు ఆ చేతికి. కారణం అంతుచిక్కకపోతే "కా.తె." అని రాసేవారు, కారణం తెలియలేదు అని. మర్నాడు ల్యాబ్‌లో ఎవరినో అడిగి ఆ ఖాళీ పూరించేవారు.

ఇంతకీ ఆవిడ మాత్రం టీవీతో పాటు నవ్వగా నేను చూడలేదు. పావుగంటాగి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కరే ఫక్కున నవ్వేవారు. ఏంటమ్మా అని స్వాతి అడిగితే "ఇందాకటిది ఇప్పుడు తెలిసిందే" అనేవారు.

ఆవిడ చేతికి నేను చిక్కడానికి కారణం ఒక కోటు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇండియా నుంచి వచ్చి మూడు నెలలైంది. మా అమ్మ సేల్‌లో మంచి ఊదారంగు కోటు తెచ్చింది, వెచ్చగా ఉంది, మురిసిపోతూ స్కూలుకి వేసుకెళ్ళాను. లంచ్ టేబుల్ దగ్గర అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా, కడుపు పట్టుకుని మరీ నవ్వాను. పక్కన కూర్చున్న జేసన్ అనే కుర్రాడు ఒక్కడే నవ్వకుండా నా వైపు చూసి, "నువ్వెందుకు నవ్వుతున్నావ్? వాళ్ళు నీ కోటు చూసి నవ్వుతున్నారు. అది గర్ల్స్ కోట్" అన్నాడు.

ఇంటికొచ్చి పైకి వెళ్ళకుండా కింద మెట్ల మీద కూర్చున్నాను. అమ్మకి చెబితే బాధపడుతుంది, నాన్నకి చెబితే స్కూలుకొస్తాడు. రెండూ నాకు అక్కర్లేదు. ల్యాబ్ నుంచి వస్తున్న ఆంటీ నా ముందు ఆగారు. ఏడుస్తున్నావెందుకు అని అడుగుతారనుకున్నాను. జరిగింది మొత్తం విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"వాళ్ళు నవ్వారు సరే. నువ్వెందుకు నవ్వావురా?"

"అందరూ నవ్వుతుంటే..."

"కారణం తెలియకుండా నవ్వకు నాన్నా. ఎవడైనా అడిగితే దొరికిపోతావు. శనివారం మూడింటికి మా ఇంటికి రా. ట్యూషన్ పెడతాను."

మనవాళ్ళు లెక్కలకి ట్యూషన్ పెడతారు, స్పెల్లింగ్‌కి పెడతారు, కూచిపూడికి పెడతారు. నవ్వుకి ట్యూషన్ పెట్టింది భూప్రపంచంలో ఆవిడొక్కరేనని నా నమ్మకం. అయిదుగురం చేరాం. స్వాతికి అప్పుడు నాలుగేళ్ళు, ఒళ్ళో కూర్చుని వినేది. ముందు పదిహేను ఎక్కాలు అప్పజెప్పాలి, ఎందుకంటే మా అమ్మానాన్నలతో చెప్పుకోవడానికి ఏదో ఒకటుండాలి కదా. తర్వాత ఆ వారం పట్టిన వీడియో టేపు. జనం నవ్వగానే ఆంటీ టక్కున టేపు ఆపేవారు. పెన్సిల్ మా మీద తిరిగేది.

"నవ్వెందుకొచ్చింది?"

ఓసారి తండ్రి, ఇవాళ వంట నేనే చేస్తానని భార్యని సోఫాలో కూర్చోబెట్టాడు. వెంటనే తర్వాతి సీనులో ఇంటిల్లిపాదీ బయటినుంచి తెప్పించుకున్న పిజ్జా తింటున్నారు. జనం నవ్వారు.

"కూర మాడిపోయింది ఆంటీ" అన్నాను.

"అది జరిగింది. నవ్వెందుకొచ్చిందీ అని అడుగుతున్నా."

"పిజ్జా తింటున్నారు కాబట్టి."

"పిజ్జా తింటే నవ్వొస్తుందా? శాంపిల్ పాడైంది, మళ్ళీ తీయాలి." అంటూ టేపు వెనక్కి తిప్పారు. నాలుగోసారికి ఎవరో అందుకున్నారు, చెయ్యగలనని గొప్పలు పోయాడు కాబట్టి అని. ఆంటీ మొహం వెలిగిపోయింది. "అదీ! ఇది మన తెనాలిలో కూడా నవ్వేరా. దీనికి ట్యూషన్ అక్కర్లేదు" అని నోట్‌బుక్‌లో కొట్టేశారు. ఇరవై అయిదు నిమిషాల ఎపిసోడ్ మాకు రెండు గంటలు పట్టేది.

ఎన్నిసార్లు తిప్పినా లొంగని నవ్వులు కొన్ని ఉండేవి. కొడుకు తండ్రికి ఎదురు చెబుతాడు, తండ్రే కొడుకుకి సారీ చెబుతాడు, జనం నవ్వుతారు. "మన ఇళ్ళల్లో ఇది ఏడుపు సీను కదరా" అని ఆంటీ అమాయకంగా మావైపు చూసేవారు. ఆ నవ్వు చాలా కాలం కా.తె. గానే ఉండిపోయింది. మధ్యలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి కలిపిన మరమరాలు పెట్టేవారు. అవి నోట్లో ఉండగా టేపు నడపరు. నవ్వితే పొలమారుతుందని భయం.

నా ప్రాణం మాత్రం ఆ పక్కింటి కుర్రాడి మీద ఉండేది. ప్రతి ఎపిసోడ్‌లోనూ వాడు వంటింటి తలుపు తోసుకుని వచ్చేస్తాడు. తట్టడు, పిలవడు. నేరుగా ఫ్రిజ్ తెరిచి చేతికందింది తింటూ అప్పుడు అందరికీ హలో చెబుతాడు. వాణ్ణి చూడగానే జనం చప్పట్లు కొడతారు. ఆ ఇంట్లో వాడు చుట్టం కాదు, అయినా వాడి కోసం ఒక కుర్చీ ఉంది. నేను గడప దాటితే అంత సంతోషించే ఇల్లు ఈ దేశంలో ఒక్కటి ఉంటే చాలనిపించేది. నేనది పైకి అనలేదు గానీ ఆంటీ కనిపెట్టినట్టున్నారు. "ఇక్కడ స్నేహితుడంటే అదిరా. బెల్లు కొట్టడు" అని ఆ మాట రెండుసార్లు చెప్పారు.

నేను ఆ మాట పట్టుకున్నాను. కోటు సంగతి దాచకుండా చెప్పింది జేసనే కాబట్టి స్నేహితుడంటే వాడే అని నిర్ణయించుకున్నాను. వాళ్ళిల్లు రెండు వీధుల అవతల. ఓ ఆదివారం పొద్దున వెనకవైపు నుంచి వెళ్ళి, వంటింటి తలుపు తోసి, ఫ్రిజ్ తెరిచి, ఎదురుగా కనిపించిన ద్రాక్షపళ్ళ గుత్తి తీసుకుని, నోట్లో రెండు వేసుకుని, "హలో!" అన్నాను. తలకి తువ్వాలు చుట్టుకుని కాఫీ కలుపుకుంటున్న జేసన్ వాళ్ళమ్మ కెవ్వుమంది. కప్పు పగిలింది. కుక్క వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ లేరు. ద్రాక్షపళ్ళతో సహా పరుగెత్తాను.

ఇంట్లో చెప్పలేదు. ఆంటీకి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, నవ్వలేదు. తెల్లకోటు విప్పి, ఉతికిన చీర కట్టుకుని, స్టీలు డబ్బా నిండా పులిహోర సర్ది, నా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ముందు తలుపు దగ్గర నిలబడి బెల్లు కొట్టారు. జేసన్ వాళ్ళమ్మ తలుపు తీయగానే ఆంటీ తన ఇంగ్లీషులో మొదలుపెట్టారు. తప్పు పిల్లవాడిది కాదు, నేను నేర్పించాను. అమెరికాలో స్నేహితులు ఇలాగే వస్తారని టీవీలో చూసి నేర్పించాను. మీ కప్పు పగిలినందుకు, ద్రాక్షపళ్ళకి, నా ట్యూషన్‌కి సారీ.

జేసన్ వాళ్ళమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఏ టీవీ, ఏ ప్రోగ్రాం అని అడిగింది. ఆంటీ ఆ ప్రోగ్రాం పేరు చెప్పారు. అంతే, ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని నవ్వింది, మెట్టు మీద కూలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆంటీ బిక్కమొహం వేసుకుని చూస్తూ, చీర కొంగులోంచి నోట్‌బుక్ తీశారు. ఆ పూట ఆ మెట్ల మీదే అందరం పులిహోర తిన్నాం. జేసన్ పల్లీలు ఏరుకుని తిన్నాడు. తర్వాతి వారం నుంచి వాడూ ట్యూషన్‌కి వచ్చేవాడు. మా ఫ్లాట్‌కి వెనక తలుపు లేదు. ఆంటీ వాళ్ళది కింది అంతస్తు, వెనక అద్దాల తలుపుండేది. ఆవిడ శనివారాలు దానికి గడియ పెట్టడం మానేశారు.

ఇక రెండో సంగతి.

నాకు పన్నెండేళ్ళొచ్చాయి. ఇంగ్లీషు గడగడా వచ్చేసింది, కాస్త పొగరు కూడా. అప్పటికి జేసన్ ట్యూషన్‌కి రావడం మానేశాడు, వాడికి సాకర్ ఉండేది. ఒకరోజు స్కూల్ బస్‌లో వాడు చెప్పాడు, ఆ నవ్వేది జనం కాదు, ఎప్పుడో పట్టి ఉంచిన నవ్వు మెషీన్‌లోంచి వేస్తారని. ఆ శనివారం ఆంటీ టేపు ఆపి పెన్సిల్ నా వైపు తిప్పారు. నేను లేచి నిలబడ్డాను. పిల్లలందరూ వినేలా ఇంగ్లీషులోనే అన్నాను. "అక్కడ ఎవరూ నవ్వడం లేదు ఆంటీ. అది మెషీన్. ఇన్నేళ్ళూ మీరు మెషీన్ నవ్వుకి కారణాలు రాస్తున్నారు. అందరికీ తెలుసు, మీకు తప్ప."

ఆంటీ పెన్సిల్ దించారు.

"ఎవరు చెప్పారు?"

"జేసన్."

"అలాగా" అన్నారు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. "సరే, మరమరాలు తినండి" అని వంటింట్లోకి వెళ్ళారు. ఉల్లిపాయల చప్పుడు వినిపించింది గానీ నవ్వు వినిపించలేదు.

మరుసటి శనివారం నేను వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. జేసన్‌తో పాటు సాకర్‌కి వెళ్ళాను. ఆ తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మానేశారని, ఎండాకాలం వచ్చేసరికి ట్యూషన్ ఆగిపోయిందని అమ్మ చెప్పింది. మేం ఇల్లు మారిపోయాం. తర్వాత పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఆంటీ కనిపించేవారు. ఎక్కడ కనిపించినా ఒకటే పలకరింపు. "ఏరా, నవ్వులెలా ఉన్నాయి?" దెప్పుతున్నారనుకునేవాణ్ణి. బావున్నాయాంటీ అని తప్పించుకుని భోజనాల వైపు నడిచేవాణ్ణి. క్షమించమని అడగడానికి ముప్ఫై మూడేళ్ళు టైముంది. అడగలేదు. టైర్ల షాపులో మెసేజ్ చూసుకున్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన అదే, ఇక అడగడానికి మనిషి లేదని.

స్వాతి ఇప్పుడు హెర్న్‌డన్‌లో ఉంటుంది. ఆంటీ చివరి ఆరేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నారు. పదమూడో రోజుకి న్యూజెర్సీ నుంచి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బయల్దేరారు. మధ్యాహ్నం మూడైంది. స్వాతి గిన్నెలు కడుగుతుంటే నేను తుడుస్తున్నాను. చేతిలో పనుంటే మాట తేలిగ్గా వస్తుంది కాబట్టి గిన్నె వైపు చూస్తూనే చెప్పేశాను. మెషీన్ మాట నేను అన్నది, అన్న తీరు, ఆ మాటతోనే ట్యూషన్ ఆగిపోయింది, మీ అమ్మ మనసు విరిచింది నేను అని.

స్వాతి కుళాయి కట్టేసింది. "వెయిట్. వాట్? అన్నయ్యా, అమ్మకి ముందే తెలుసు. లైక్, ఎప్పట్నించో తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ లాఫింగ్ మెషీన్ గురించి. నీకు తెలుసనుకున్నా నేను. హోల్డ్ ఆన్" అని చేతులు తుడుచుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్ళింది. ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. చుక్కల అట్టల నోట్‌బుక్కులు. ఒకదానికి దారం ఇంకా వేలాడుతోంది, పెన్సిల్ లేదు.

"మనలాంటి పిల్లల గురించి అంతా ఉంటుంది ఇందులో. తెలుగు నాకు ఫాస్ట్‌గా రాదు, స్లోగా చదివా. యు రీడ్" అని నన్ను అక్కడ కూర్చోబెట్టి తను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.

రెండో పుస్తకంలోనే దొరికింది. తేదీ చూస్తే, అప్పటికి నేనింకా ఇండియాలోనే ఉన్నాను. "ఈ నవ్వు జనానిది కాదట. మెషీన్‌దట. ల్యాబ్‌లో చెప్పారు. ఇదేం మోసం! ఇంత కష్టపడి రాశానే!" అని ఉంది. రెండు గీతల కింద మళ్ళీ, "అయినా ఎక్కడ నవ్వాలో మెషీన్‌కి చెప్పినవాడు మనిషే కదా. రాయడం ఆపక్కర్లేదు."

అన్నీ తెలిసే మూడేళ్ళు మా ముందు టేపు తిప్పారా? పేజీలు తిప్పుకుంటూ వెళ్ళాను. అయిదో పుస్తకంలో, "నవ్వింది: జేసన్ వాళ్ళమ్మ. కారణం: నేను" అని ఒక్కదానికే ఒక పేజీ మొత్తం వదిలేశారు. నంబరు కూడా వెయ్యలేదు. మా అయిదుగురి పేర్లూ అక్కడక్కడా కనిపిస్తున్నాయి. రెండు మూడు పేర్ల పక్కన "పాస్" అని, ల్యాబ్ రిపోర్టు మీద పెట్టినట్టు కింద సంతకం.

చివరికి ఆ శనివారం వచ్చింది. పుస్తకం టేబుల్ మీద పెట్టుకుని చదివాను.

"ఇవాళ వీడు లేచి నిలబడి మెషీన్ సంగతి బయటపెట్టాడు. మొహంలో ఎంత గర్వమో! చెప్పింది జేసనట. వీడికి తెలియనివి చెప్పడానికి ఇక స్నేహితుడున్నాడు, టేపు అక్కర్లేదు. వచ్చే శనివారం రాకపోతే బాగుండు. పాస్."

కింద సంతకం. దాని కింద వారం తర్వాతి తేదీ, ఒకే వరస.

"రాలేదు. మంచిది. మరమరాలు మిగిలాయి."

ఆ వరస ఎన్నిసార్లు చదివానో తెలియదు. ముప్ఫై మూడేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు ఎవరో వచ్చి దించి పక్కన పెట్టినట్టయింది. ఆవిడ అడుగుతూ వచ్చింది దెప్పిపొడుపు కాదు. నవ్వులెలా ఉన్నాయిరా అంటే, నవ్వులెలా ఉన్నాయి అనే. పెళ్ళి భోజనాల వైపు పారిపోకుండా ఒక్కసారి నిలబడి ఉంటే ఆ మాట ఆవిడ నోటితోనే వినేవాణ్ణి. అందుకు ఏడుపొచ్చింది కూడా. కానీ ముందు నవ్వు తన్నుకొచ్చింది. పదమూడో రోజు ఇంట్లో, ఎదురుగా ఆంటీ ఫోటోకి దండ వేసి ఉండగా, లంచ్ టేబుల్ దగ్గర నవ్వినంత గట్టిగా కడుపు పట్టుకుని నవ్వాను.

స్వాతి వంటింట్లోంచి తొంగి చూసింది. చేతిలో గరిటె, అచ్చం పెన్సిల్ పట్టుకున్నట్టే నావైపు తిప్పి ఉంది.

"ఏంటి, నవ్వెందుకొచ్చింది?"

ఈసారి టేపు వెనక్కి తిప్పాల్సిన పని లేకపోయింది.

"పాసయ్యానటే!" అన్నాను.